వారంటీ కాల్స్ డబ్బు కంపెనీ ఎగ్గొడితే సర్వీస్ ఫ్రాంచైజీకి ఉన్న దారులు

ప్రశ్న: ఖమ్మంలో ఒక గృహోపకరణాల కంపెనీకి మూడేళ్లు సర్వీస్ ఫ్రాంచైజీగా చేశాను. అగ్రిమెంట్ 2024 మార్చి 31తో ముగిసింది. 2023 ఆగస్టు నుంచి ఇన్-వారంటీ కాల్స్ బిల్లులు రూ.8.20 లక్షలు రావాలి. అగ్రిమెంట్ అయిపోయాక కూడా జూలై దాకా యాప్‌లో కాల్స్ వేస్తూనే ఉన్నారు, మేం చేస్తూనే ఉన్నాం. ఆ రూ.3.18 లక్షలకు బిల్లే తీసుకోవడం లేదు. పైగా స్పేర్లు తిరిగి రాలేదని, కాల్స్ ఆలస్యమయ్యాయని రూ.3.50 లక్షలకు డెబిట్ నోట్లు (మాకు రావాల్సిన దాంట్లోంచి కోత చీటీలు) వేశారు. 'నో డ్యూస్' మీద సంతకం పెడితే లక్షన్నర డిపాజిట్ వెనక్కి ఇస్తామంటున్నారు. గొడవ వస్తే గురుగ్రామ్‌లో ఆర్బిట్రేషన్ (కోర్టు బదులు మధ్యవర్తి తీర్పు) అని అగ్రిమెంట్‌లో ఉంది. ఏం చేయమంటారు?

జవాబు:

ముందుగా, ఆ నో డ్యూస్ కాగితం మీద సంతకం పెట్టకండి. లక్షన్నర కోసం పదకొండు లక్షల ముప్పై ఎనిమిది వేలు వదులుకున్నట్టవుతుంది. బలవంతంగా తీసుకున్న 'ఫుల్ అండ్ ఫైనల్' రసీదు ఉన్నా వివాదం బతికే ఉంటుందని 2008లో బోఘరా పాలీఫ్యాబ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన మాట నిజమే. కానీ బలవంతం జరిగిందని రుజువు చేయాల్సింది మీరు. ఎవరైనా ఇప్పటికే సంతకం పెట్టేసి ఇది చదువుతుంటే, ఏ పరిస్థితిలో పెట్టాల్సి వచ్చిందో వెంటనే ఈమెయిల్‌లో రాసి పంపండి. ఆరు నెలలయ్యాక రాస్తే ఎవరూ నమ్మరు.

నేను పంతొమ్మిదేళ్లుగా విజయవాడలో వాణిజ్య దావాలు చూస్తున్న లాయర్ని. ఫ్రాంచైజీల తరఫునా వాదించాను, కంపెనీల తరఫునా వాదించాను. ఈ కేసుల్లో చట్టం మనవైపు లేక ఓడిపోయినవాళ్లు తక్కువ. రేపు మాపు అంటే నమ్మి గడువు దాటించుకున్నవాళ్లు, చేసిన పనికి కాగితం చూపించలేకపోయినవాళ్లే ఎక్కువ. టెక్నీషియన్ల జీతాలు, బండ్ల పెట్రోలు మీ జేబులోంచి పోయాయి. ఆ డబ్బు మీకు రావాలనే ఇంత వివరంగా రాస్తున్నాను.

మన దేశంలో ఫ్రాంచైజీలకంటూ ప్రత్యేక చట్టం లేదు. 1872 నాటి కాంట్రాక్టు చట్టం, దావా గడువులు చెప్పే 1963 నాటి లిమిటేషన్ చట్టం, ఆర్బిట్రేషన్ చట్టం, చిన్న పరిశ్రమల చట్టం, కమర్షియల్ కోర్టుల చట్టం, వీటిలోంచే మీ దారి వెతుక్కోవాలి.

మొదటి పని ఇవాళే చేయండి. కంపెనీ పోర్టల్‌లో మీ లాగిన్ ఇంకా పనిచేస్తుంటే, నెలవారీగా క్లోజ్ అయిన కాల్స్ జాబితా, అప్రూవ్ అయిన క్లెయిములు, స్పేర్ల లెడ్జర్, క్రెడిట్ నోట్లు అన్నీ దించుకోండి. స్క్రీన్‌షాట్లు ఒక్కటే చాలవు, ఫైళ్లు కూడా కావాలి. నో డ్యూస్ అడిగారంటే త్వరలో లాగిన్ మూసేస్తారని అర్థం.

కొన్నేళ్ల క్రితం తెనాలి వైపు నుంచి ఒకాయన నా దగ్గరికి వచ్చారు. ఇలాంటి సర్వీస్ సెంటరే, వేరే కంపెనీ. రెండు బియ్యం సంచుల నిండా జాబ్ కార్డులు తెచ్చి ఆఫీసులో పెట్టారు. ఒక్కొక్కటి తీసి చూస్తుంటే సగం కార్డుల మీద కస్టమర్ సంతకం లేదు. థర్మల్ ప్రింట్ రసీదులు తెల్లబడిపోయి ఖాళీ కాగితాల్లా ఉన్నాయి. ఆయన లాగిన్ అప్పటికే మూసేశారు. చివరికి కేసును నిలబెట్టినవి రెండే. కంపెనీ బ్రాంచ్ నుంచి ప్రతి నెలా ఐదో తారీఖున వచ్చిన 'అప్రూవ్డ్ క్లెయిమ్ షీట్' ఈమెయిళ్లు ఒకటి, ఆయన ఫారం 26ఏఎస్ (మన పేరు మీద కోసి కట్టిన పన్నును చూపే ఆదాయపు పన్ను పత్రం) రెండోది. డబ్బు చేతికి ఇవ్వలేదు కానీ, కంపెనీ అకౌంట్స్‌వాళ్లు ఖర్చు రాసుకునేటప్పుడే ఐదు నెలల బిల్లుల మీద టీడీఎస్ కట్టేశారు. బాకీ లేదని వాదిస్తున్న కంపెనీ ఆ బాకీ మీద పన్ను ఎందుకు కట్టిందని అడిగితే అవతలి లాయర్ నీళ్లు నమిలారు. మీరూ ఈ సాయంత్రమే 26ఏఎస్ తీసి నెలనెలా సరిపోల్చుకోండి.

ఈమెయిళ్లు, వాట్సాప్ మెసేజ్‌లు డిలీట్ చేయకండి, ఫోన్ మార్చకండి. 2024 జూలై 1 నుంచి అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డును కోర్టులో పెట్టాలంటే సర్టిఫికెట్ ఇవ్వాలి. అందులో ఒక భాగం మీరు, ఇంకో భాగం నిపుణుడు సంతకం చేస్తారు. అసలు ఫోన్ చేతిలో ఉంటే ఆ పని తేలిక.

ఇక గడువు సంగతి. డబ్బు దావాలకు మామూలుగా మూడేళ్లు. చాలామంది అగ్రిమెంట్ ముగిసిన రోజు నుంచి మొత్తానికి ఒకేసారి లెక్కపెడతారు. అది తప్పు. ఏ బిల్లు గడువు ఆ బిల్లుదే. మీ 2023 ఆగస్టు బిల్లు సెప్టెంబర్ మొదట్లో ఇచ్చి, 30 రోజుల్లో చెల్లించాలని అగ్రిమెంట్‌లో ఉంటే, 2023 అక్టోబర్ మొదట్లో మీకు దావా హక్కు పుట్టింది. అది 2026 అక్టోబర్ మొదట్లో పోతుంది. ఆ తర్వాతి నెల బిల్లు నవంబర్‌లో. అలా నెలకొకటి చొప్పున రాలిపోతాయి. అగ్రిమెంట్ అయిపోయాక చేసిన కాల్స్‌కు చెల్లింపు తేదీ అంటూ లేదు కాబట్టి లిమిటేషన్ చట్టం 18వ ఆర్టికల్ ప్రకారం పని పూర్తయిన రోజు నుంచి మూడేళ్లు. అంటే 2024 ఏప్రిల్ కాల్స్‌కు 2027 ఏప్రిల్.

'క్లెయిమ్ ఆరు నెలల్లోగా చేయకపోతే హక్కు పోతుంది' అని అగ్రిమెంట్‌లో ఉందేమో చూడండి. చాలా కంపెనీల ఫార్మాట్‌లో ఉంటుంది. ఉన్నా భయపడకండి. కోర్టుకు వెళ్లే గడువును అలా కుదించే షరతు కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు.

ఏరియా సర్వీస్ మేనేజర్ 'ఫైల్ మేనేజ్‌మెంట్ అప్రూవల్‌లో ఉంది' అంటూ నానబెడుతుంటే గడువు ఆగుతుందా? ఆగదు. దీని మీద ఒక ఫ్రాంచైజీ కేసే ఉంది, తప్పక తెలుసుకోవాలి. అఫ్ఘానిస్థాన్‌కు చెందిన అరీఫ్ అజీమ్ కంపెనీ, ఆప్టెక్ కంప్యూటర్ శిక్షణ సంస్థకు అక్కడ ఫ్రాంచైజీ. భారత సాంస్కృతిక సంబంధాల మండలి సొమ్ముతో నడిచిన ఒక కోర్సు తాలూకు డబ్బు తమకు రావాలని ఫ్రాంచైజీ అడిగింది. వాళ్ల మధ్య మెయిళ్లు నడిచాయి. మాట ఎక్కడ తెగిపోయిందని సుప్రీంకోర్టు వెతికి, 2018 మార్చి 28 అని తేల్చింది. ఆ తర్వాత ఎన్ని ఉత్తరాలు రాసుకున్నా గడువు పెరగదని 2024 మార్చి 1న చెప్పింది. ఆర్బిట్రేషన్ నోటీసు వెళ్లింది 2022 నవంబర్‌లో, అంటే మూడేళ్లు ఎప్పుడో దాటాయి. ఆ కేసు బతికింది కోవిడ్ వల్ల. 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా గడువు లెక్కలోంచి తీసేయమన్న సుప్రీంకోర్టు ఆదేశం ఉంది కాబట్టి ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్లగలిగింది. డబ్బు ఎవరికి రావాలో ఆ తీర్పు తేల్చలేదు. మీకు మాత్రం ఆ కోవిడ్ మినహాయింపు దొరకదు.

గడువును నిజంగా కొత్తగా మొదలుపెట్టేవి రెండున్నాయి. బాకీ ఉందని కంపెనీ తరఫున అధికారం ఉన్నవాళ్లు గడువులోపల రాతపూర్వకంగా ఒప్పుకోవడం, లేదా కొంత డబ్బు కట్టడం. లిమిటేషన్ చట్టంలో 18, 19 సెక్షన్లు. కాబట్టి ఫోన్లు మానేసి, అకౌంట్స్‌వాళ్లకు మర్యాదగా ఒక మెయిల్ పెట్టండి: 'మా పుస్తకాల ప్రకారం మార్చి 31 నాటికి మాకు ఇంత రావాలి, మీ లెడ్జర్ పంపండి, బాలెన్స్ కన్ఫర్మ్ చేయండి.' ఏటా ఆడిట్ సమయంలో వాళ్లు ఈ కన్ఫర్మేషన్లు మామూలుగానే ఇస్తుంటారు. అలా వచ్చిన ఒక్క కాగితం, మీరు రాసే పది ఉత్తరాల కంటే విలువైనది.

ఇప్పుడు గురుగ్రామ్. దీనికే మీరు బాగా భయపడుతున్నట్టున్నారు. మీకు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న సంస్థలకు కేంద్ర ప్రభుత్వం ఇచ్చే నమోదు) ఉందా? ఉంటే సర్టిఫికెట్ తీసి రెండు విషయాలు చూడండి. ఎప్పుడు రిజిస్టర్ చేశారు, ఏ పని కింద చేశారు. రిపేర్ సర్వీస్ కింద ఉంటే మంచిది. ఏ రకం పనో తెలిపే ఎన్‌ఐసీ కోడ్‌లో గృహోపకరణాల రిపేరు 95తో మొదలవుతుంది. 'ట్రేడింగ్' అని మాత్రమే ఉంటే ఇబ్బంది. 2021లో వ్యాపారులను మళ్లీ ఉద్యమ్‌లో చేర్చుకున్నది బ్యాంకు రుణాల ప్రాధాన్యం కోసమే, ఆలస్యపు చెల్లింపుల రక్షణ వాళ్లకు రాదు. చాలా సర్వీస్ సెంటర్లకు ఏజెంట్లు తొందరలో ట్రేడింగ్ అని కొట్టేస్తారు, అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది.

సర్వీస్ కింద ఉండి, మీరు మైక్రో లేదా స్మాల్ అయితే, 2006 నాటి చిన్న పరిశ్రమల చట్టం మీకు గట్టి ఆయుధం. ఎంత గడువుకు ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటి చెల్లించకూడదు. దాటితే రిజర్వు బ్యాంకు బ్యాంక్ రేటుకు మూడింతల వడ్డీ, నెలనెలా చక్రవడ్డీగా పడుతుంది. కేసు వేసేది ఇలాంటి బాకీ వివాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో, అదీ మీ రాష్ట్రంలోనే. కొన్న కంపెనీ దేశంలో ఎక్కడున్నా, సరఫరా చేసినవాడు ఉన్నచోటే కౌన్సిల్‌కు అధికారం ఉంటుందని 18వ సెక్షన్‌లోనే ఉంది. అగ్రిమెంట్‌లో వేరే ఆర్బిట్రేషన్ షరతు ఉన్నా ఈ చట్టానిదే పైచేయి అని 2022 అక్టోబర్ 31న మహాకాళి ఫుడ్స్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టం చేసింది. అంటే మీరు గురుగ్రామ్ వెళ్లక్కర్లేదు, వాళ్లే తెలంగాణ కౌన్సిల్‌కు జవాబు చెప్పుకోవాలి. ఓడిపోయి పై కోర్టుకు వెళ్లాలంటే ముందు 75 శాతం డిపాజిట్ చేయాలి. చట్టంలో 90 రోజులని ఉన్నా అంతలో తేలుతుందని నేను మాట ఇవ్వను. కౌన్సిల్‌లో పెండింగ్ బాగా ఉంటుంది.

రిజిస్ట్రేషన్ తేదీ ఎందుకడిగానంటే, రిజిస్టర్ కాకముందు చేసిన పనికి ఈ రక్షణ రాదని 2021లో సిల్పి ఇండస్ట్రీస్ కేసులో, తర్వాత మహాకాళిలోనూ చెప్పారు. 2025 జనవరిలో సుప్రీంకోర్టు ధర్మాసనం ఒకటి దీన్ని మళ్లీ చూడాలని పెద్ద బెంచికి పంపింది. కాబట్టి రిజిస్ట్రేషన్ ఆలస్యంగా చేసుకున్నవాళ్లు ఆశ వదులుకోనక్కర్లేదు, దాని మీదే ఆధారపడనూ కూడదు.

ఈ చట్టంలో ఇంకో మంచి మాటుంది. సర్వీస్ అందిన 15 రోజుల్లోగా కంపెనీ రాతపూర్వకంగా అభ్యంతరం చెప్పకపోతే, దాన్ని అంగీకరించినట్టే లెక్క. కాల్ క్లోజ్ చేసినప్పుడు కస్టమర్ ఓటీపీ చెప్పారు, కంపెనీ యాప్ దాన్ని తీసుకుంది, క్లెయిమ్ అప్రూవ్ అయింది. ఏడాది తర్వాత 'ఆలస్యమైంది' అంటూ వేసిన డెబిట్ నోటు ఎంతవరకు నిలుస్తుందో మీరే ఆలోచించండి.

ఆ డెబిట్ నోట్లను రెండుగా విడదీయండి. పెనాల్టీ భాగానికి కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ వర్తిస్తుంది. అగ్రిమెంట్‌లో రాసుకున్నంత మాత్రాన మొత్తం కోసేయడానికి లేదు, నష్టం జరగాలి, పరిహారం సబబుగా ఉండాలి. 2015లో కైలాష్‌నాథ్ అసోసియేట్స్ కేసులో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. స్పేర్ల భాగం మాత్రం జాగ్రత్తగా చూడండి. పాడైన పార్టులు కంపెనీకి తిరిగి పంపినప్పటి కొరియర్ డాకెట్లు, డెలివరీ చలాన్లు ఉంటే పార్టు నంబర్ వారీగా జాబితా చేయండి. నిజంగా పంపనివి ఉంటే ఒప్పుకుని మీ క్లెయిమ్‌లోంచి మీరే తీసేయండి. కంపెనీలవైపు వాదించిన అనుభవంతో చెబుతున్నా, వాళ్ల శిక్షణ, సాఫ్ట్‌వేర్, స్పేర్లు వాడుకుని డబ్బు కట్టని ఫ్రాంచైజీలు కూడా ఉన్నారు. మీరు వేస్తే వాళ్లూ ప్రతిదావా వేస్తారు. మీ లెక్కలో ఒక్క తప్పు దొరికినా మిగతా అంతా అనుమానంగానే చూస్తారు.

అగ్రిమెంట్ లేని నాలుగు నెలల రూ.3.18 లక్షల గురించి చాలామంది 'కాగితం లేదు, పోయినట్టే' అని చెప్పి ఉంటారు. పోలేదు. కాంట్రాక్టు చట్టం 70వ సెక్షన్ ఉన్నది ఇలాంటి సందర్భం కోసమే. ఉచితంగా చేయాలన్న ఉద్దేశం లేకుండా ఒకరు మరొకరికి న్యాయంగా పని చేసి, ఆ ఫలితాన్ని అవతలివాళ్లు అనుభవిస్తే, పరిహారం ఇవ్వాల్సిందే. పశ్చిమ బెంగాల్ ప్రభుత్వ అధికారులు చెబితే సరైన ఒప్పందం లేకుండానే కట్టడాలు కట్టిన బి.కె. మండల్ సంస్థకు సుప్రీంకోర్టు డబ్బు ఇప్పించింది ఈ సెక్షన్ కిందే. మీకైతే కాల్స్ వేసింది వాళ్ల యాప్, స్పేర్లు పంపింది వాళ్ల గోడౌన్, వారంటీ మాట నిలబడింది వాళ్ల కస్టమర్ దగ్గర. పాత రేట్ల ప్రకారమే లెక్కగట్టి బిల్లు పంపండి. మెయిల్‌లో తిప్పి పంపితే స్పీడ్ పోస్టులో పంపి, ఆ రసీదు దాచుకోండి. అయితే బిల్లు వేసే ముందు మీ ఆడిటర్‌తో జీఎస్టీ సంగతి మాట్లాడండి. డబ్బు రాకముందే పన్ను మీరు కట్టాల్సి వస్తుంది.

పాత బిల్లుల విషయంలో ఆ జీఎస్టీయే మీకు పనికొస్తుంది. బిల్లు తేదీ నుంచి 180 రోజుల్లో సప్లయర్‌కు చెల్లించకపోతే, కొన్నవాళ్లు తీసుకున్న ఇన్‌పుట్ క్రెడిట్‌ను (ఆ బిల్లు జీఎస్టీకి వాళ్లకు దొరికిన తగ్గింపును) వడ్డీతో వెనక్కి కట్టాలి. అలాగే మైక్రో, స్మాల్ సంస్థలకు గడువులోగా చెల్లించని మొత్తాన్ని ఆ ఏడాది ఖర్చుగా చూపించుకోవడానికి 2024-25 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆదాయపు పన్ను చట్టం ఒప్పుకోవడం లేదు. మీ నోటీసులో ఈ రెండూ ప్రస్తావించి, ఒక కాపీ వాళ్ల ఫైనాన్స్ హెడ్‌కు పంపండి. సర్వీస్ విభాగం పట్టించుకోని ఉత్తరం ఫైనాన్స్ విభాగంలో కదలడం నేను చాలాసార్లు చూశాను.

ఉద్యమ్ లేకపోతే, లేదా ట్రేడింగ్ అని ఉంటే ఆర్బిట్రేషనే మీ దారి. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఏమిటంటే, 'పదిహేను రోజుల్లో డబ్బు కట్టండి' అని మామూలు లీగల్ నోటీసు ఇచ్చి గడువు ఆగిందనుకుంటారు. ఆగదు. 'ఈ వివాదాన్ని ఆర్బిట్రేషన్‌కు పంపమని కోరుతున్నాం' అని ఆర్బిట్రేషన్ చట్టం 21వ సెక్షన్ కింద స్పష్టంగా రాసి ఉండాలి, అది కంపెనీకి అందిన రోజునే ఆర్బిట్రేషన్ మొదలైనట్టు లెక్క. 'కంపెనీ డైరెక్టర్ నియమించిన వ్యక్తే ఏకైక ఆర్బిట్రేటర్' అని మీ అగ్రిమెంట్‌లో ఉండొచ్చు. వివాదంలో లాభనష్టాలున్నవాళ్లు అలా ఒంటరిగా నియమించడం కుదరదని 2019 పెర్కిన్స్ ఈస్ట్‌మన్ తీర్పు. వాళ్లు పంపే ఒప్పుకోలు పత్రంలో మాత్రం సంతకం చేయకండి. వివాదం వచ్చాక రాతపూర్వకంగా ఒప్పుకుంటే ఆ అభ్యంతరం మీ చేతులతో మీరే వదులుకున్నట్టు. కుదరకపోతే హైకోర్టే ఆర్బిట్రేటర్‌ను వేస్తుంది.

ఖర్చు సంగతి కూడా చెబుతాను. చట్టంలోని నాలుగో షెడ్యూల్ మోడల్ ఫీజు ప్రకారం ఐదు లక్షల దాకా రూ.45,000, ఆపైన 20 లక్షల దాకా అదనపు మొత్తం మీద 3.5 శాతం. మీ రూ.11.38 లక్షలకు రూ.67,330. ఒక్కరే ఆర్బిట్రేటర్ అయితే ఇంకో 25 శాతం కలిపి దాదాపు రూ.84,000. మామూలుగా ఇరుపక్షాలూ చెరి సగం పెట్టుకుంటాయి. లాయర్ ఫీజు వేరే.

అగ్రిమెంట్‌లో ఆర్బిట్రేషన్ షరతే లేని ఫ్రాంచైజీలు కమర్షియల్ కోర్టుకు వెళ్లొచ్చు. 2015 చట్టంలో ఫ్రాంచైజీ ఒప్పందాలను పేరు పెట్టి చేర్చారు, 2018 నుంచి మూడు లక్షలు, ఆపైన విలువున్న వివాదాలు చాలు. అత్యవసర ఉత్తర్వు అవసరం లేని దావాకు ముందు జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ద్వారా మీడియేషన్‌కు వెళ్లడం తప్పనిసరి. అది దాటవేసిన దావా తిరస్కరణకు గురవుతుందని 2022 పాటిల్ ఆటోమేషన్ తీర్పు. మీడియేషన్‌లో గడిచిన కాలం గడువులో కలవదు.

దివాలా చట్టం కింద ఎన్‌సీఎల్‌టీలో (కంపెనీ కేసుల ట్రిబ్యునల్) వేద్దామని ఎవరైనా చెబితే వినకండి. కోటి రూపాయల కనీస బాకీ ఉండాలి, పైగా ముందే వివాదం ఉంటే అక్కడ నిలబడదు. చీటింగ్ కేసు పెడదామన్న సలహా కూడా వద్దు. పని చేయించుకుని డబ్బు ఇవ్వకపోవడం అన్నిసార్లూ మోసం కాదు, స్టేషన్ చుట్టూ కాళ్లరిగేలా తిరిగేలోపు అసలు గడువు కరిగిపోతుంది.

నో డ్యూస్ మెయిల్‌కు ఇవాళే ఇలా జవాబివ్వండి: 'డిపాజిట్ తిరిగి ఇవ్వడం అగ్రిమెంట్ ప్రకారం మీ బాధ్యత, దానికి నో డ్యూస్‌తో సంబంధం లేదు. జతచేసిన జాబితా ప్రకారం మాకు రావాల్సిన మొత్తం ఉంది. డెబిట్ నోట్లను మేం అంగీకరించడం లేదు, వాటి ఆధారాలు పంపండి.' ఇంతే రాయండి, కోపంగా ఒక్క మాట కూడా వద్దు. రేపు ఆ మెయిల్‌ను కౌన్సిల్ చదువుతుంది.

ఇంకొకటి, ఆ నాలుగు నెలల కాల్స్‌కు వెళ్లిన మీ టెక్నీషియన్లు ఇప్పుడు ఎక్కడ పనిచేస్తున్నారో కనుక్కుని ఫోన్ నంబర్లు రాసి పెట్టుకోండి. మీరు వాళ్లకు ఇచ్చిన జీతాల బ్యాంకు ఎంట్రీలు, వాళ్ల ఫోన్లలో ఉన్న కాల్ ఎలాట్‌మెంట్ మెసేజ్‌లు, అగ్రిమెంట్ అయిపోయాక కూడా పని జరిగిందనడానికి మీకు దొరికే గట్టి సాక్ష్యం.